ఇల్లు బాగుచేయించాలా, మారిపోవాలా: శాతాల లెక్కతో తేలే విషయం కాదిది

ఎడిటర్ గారికి నమస్కారం,

పాత ఇల్లు బాగుచేయించుకోవాలా లేక వేరే ఇల్లు చూసుకుని వెళ్ళిపోవాలా అన్న దాని మీద మీ ఆదివారం పేజీల్లో వచ్చిన వ్యాసం చదివాను. బాగానే రాశారు కానీ మొత్తం డబ్బు చుట్టూనే తిరిగింది, రిపేర్ ఖర్చు ఇంటి విలువలో ఇంత శాతం దాటితే అమ్మేయండి, దాటకపోతే బాగుచేయించుకోండి అని ఒక గీత గీసేసి వదిలేశారు. బిల్డింగ్ పనుల్లోనే బతికినవాడిని కాబట్టి ఈ ప్రశ్న నన్ను చాలామంది అడుగుతుంటారు, ఫంక్షన్లో కనపడినా పక్కకి లాగి ఇదే అడుగుతారు. ఆ శాతం గీతతో తేలిన ఇల్లు నాకైతే ఒక్కటీ గుర్తులేదు. అందుకే ఈ ఉత్తరం. పొడుగైపోయింది, మీకు చోటు లేకపోతే కత్తిరించుకోండి, పగుళ్ళ గురించి రాసింది మాత్రం ఉంచండి.

అసలు ముందు చూడాల్సింది, మనకి ఇంటితో ఉన్న ఇబ్బంది గోడల లోపల ఉందా బయట ఉందా అని. లోపల ఉంటే డబ్బు పెడితే పోతుంది. బయట ఉంటే ఎంత పెట్టినా పోదు. ఇంత చిన్న విషయం కూడా చాలామంది చూసుకోరు. వంటగది ఇరుకు, బాత్రూం ఒక్కటే ఉంది, కరెంటు పాయింట్లు సరిపోవట్లేదు, పిల్లలకి విడిగా గది లేదు, ఇవన్నీ లోపలివి. ఆఫీసు దూరం, పక్క రోడ్డు మీద రాత్రంతా లారీల మోత, వానొస్తే వీధంతా మునిగిపోవడం, పక్కన కట్టిన బిల్డింగ్ వల్ల ఎండ పడకపోవడం, ఇవి బయటివి. నేను చూసినంతలో బయటి ఇబ్బందికి లోపల ఖర్చు పెట్టేవాళ్ళే ఎక్కువ, ఎందుకంటే లోపలి పని మొదలుపెట్టడం తేలిక, మేస్త్రీని పిలిస్తే చాలు. టైల్స్ మార్చి, సీలింగ్ వేయించి, కొత్త అల్మారాలు పెట్టించి, తీరా చూస్తే ఆ ఇంటాయన మళ్ళీ అదే ట్రాఫిక్ లో అదే విసుగుతో ఇంటికొస్తుంటాడు, సీలింగ్ లైట్లు మాత్రం బాగుంటాయి.

ఇంట్లో వాళ్ళందరూ విడివిడిగా కూర్చుని ఎవరికి ఏది ఇబ్బందో కాగితం మీద రాస్తే మంచిది. కలిసి కూర్చుంటే కుదరదు, గట్టిగా మాట్లాడేవాళ్ళ మాటే అందరి మాట అయిపోతుంది. ఆయనకి కారు పెట్టుకునే చోటు లేకపోవడం పెద్ద సమస్య, ఆవిడకి బట్టలు ఆరేసుకునే చోటు లేకపోవడం, పెద్దవాళ్ళకి మెట్లు. ముగ్గురూ ఇల్లు బాగోలేదు అనే అంటున్నారు కానీ మాట్లాడుతోంది మూడు వేరు వేరు ఇళ్ళ గురించి.

దూరం గురించి ఒక లెక్క చెప్తాను, ఇది ఎవరూ వేసుకోరు. పెద్ద ఇల్లు వస్తుందని ఊరి చివరికి మారారు అనుకోండి, ఒక వైపు 40 నిమిషాలు ఎక్కువ పట్టిందనుకోండి, రోజుకి 80 నిమిషాలు, ఏడాదికి 250 పని దినాలు వేసుకుంటే 333 గంటలు. అంటే రాత్రీ పగలూ కలిపి దాదాపు 14 రోజులు బండి మీదో బస్సులోనో పోతాయి. పెరిగిన ఒక గదికి మనం కట్టే అద్దె ఇది, నెల నెలా రసీదు రాదు అంతే. బ్రూనో ఫ్రై, అలోయిస్ స్టట్జర్ అని ఇద్దరు ఎకనామిస్టులు జర్మనీ కుటుంబాల సర్వే వివరాలు తీసుకుని దీని మీద 2008లో ఒక పేపర్ వేశారు. ఎక్కువ దూరం తిరిగేవాళ్ళకి జీతమో మంచి ఇల్లో దక్కి ఆ కష్టానికి సరిపోవాలి కదా, కానీ అలా సరిపోవట్లేదు, ఎక్కువసేపు ప్రయాణం చేసేవాళ్ళు జీవితం మీద తక్కువ తృప్తితో ఉన్నారని వాళ్ళకి తేలింది. మారేటప్పుడు గదుల సైజు కళ్ళ ముందు కనపడుతుంది, ప్రయాణం మాత్రం తర్వాత రోజూ కొంచెం కొంచెంగా తెలుస్తుంది.

సరే, ఇబ్బంది లోపలిదే అని తేలింది అనుకుందాం. అప్పుడు చూడాల్సింది బిల్డింగ్ ఆరోగ్యం. మీ వ్యాసంలో దీనికి ఒక్క లైను ఇచ్చారు, నిపుణుడిని సంప్రదించండి అని. ఎవరా నిపుణుడు, ఏం చూస్తాడు, అది చెప్పాలి కదండీ.

పగులు కనపడగానే ఇల్లు కూలిపోతుందని భయపడేవాళ్ళూ ఉన్నారు, ఎంత పెద్ద పగులొచ్చినా పుట్టీ కొట్టి రంగేసేవాళ్ళూ ఉన్నారు. ప్లాస్టరింగ్ మీద సన్నగా వెంట్రుకల్లా, సాలెగూడులా వచ్చే పగుళ్ళు ఎక్కువగా సిమెంటు ఆరేటప్పుడు ముడుచుకోవడం వల్ల వస్తాయి, చూడటానికి బాగోవు కానీ ప్రమాదం లేదు. పిల్లర్ కీ ఇటుక గోడకీ మధ్య నిలువుగా వచ్చే గీత కూడా చాలాసార్లు రెండు వేరు వేరు మెటీరియల్స్ ఎండకి వేరువేరుగా సాగడం వల్ల వచ్చేదే. కిటికీ మూల నుంచి ఏటవాలుగా పైకి పోయే పగులు, ఇటుకల మధ్య మెట్లు మెట్లుగా దిగే పగులు, ఒక చివర సన్నగా ఇంకో చివర వెడల్పుగా ఉండే పగులు, ఇవి మాత్రం పునాది ఒక పక్క కుంగుతోందేమో అని అనుమానించాల్సినవి. వెడల్పు 5 మిల్లీమీటర్లు దాటింది అంటే ఇక ఇంజనీరుకి చూపించకుండా ఉండకూడదు. ఆ పగుళ్ళ దగ్గర తలుపులు కిటికీలు కొత్తగా బిగుసుకుపోతున్నాయా కూడా చూడండి.

వెడల్పు కంటే ముఖ్యమైంది అది పెరుగుతోందా లేదా అన్నది. దీనికి మెషీన్లేం అక్కర్లేదు, పగులు రెండు చివర్లా పెన్సిల్ తో అడ్డగీత గీసి పక్కన తేదీ వేయండి, మధ్యలో వెడల్పు స్కేలుతో కొలిచి రాసి పెట్టుకోండి, ఒక ఎండాకాలం ఒక వానాకాలం దాటనివ్వండి. గీత దాటి పోలేదు, వెడల్పు మారలేదు అంటే ఆ కుంగడం ఎప్పుడో అయిపోయి ఆగిపోయింది, బాగుచేయించుకోవచ్చు. దాటుతూనే ఉందంటే ఎంత మంచి మేస్త్రీ వచ్చి పూడ్చినా మళ్ళీ అక్కడే విచ్చుకుంటుంది, ముందు కింద భూమి సంగతి చూడాలి. పునాది పక్కన డ్రైనేజీ పైపు లీకవుతూ మట్టిని మెత్తబరుస్తుండటం నేను చాలా చోట్ల చూశాను, పైపు మారిస్తే కుంగడం ఆగిపోయిన ఇళ్ళూ ఉన్నాయి. ఇల్లే అమ్మేద్దాం అనుకున్నవాళ్ళవి అవి.

పగుళ్ళ కన్నా నేను ఎక్కువ భయపడేది స్లాబ్ కింద పెచ్చులు ఊడటానికి. అదెందుకు జరుగుతుందో తెలిస్తే చాలామంది పైపూత పనులు మానేస్తారు. కొత్త కాంక్రీట్ బాగా క్షారంగా ఉంటుంది, క్షారాన్ని కొలిచే పీహెచ్ లెక్కలో 12.5 పైనే, అలా ఉన్నంతకాలం లోపలి ఇనుప రాడ్ల మీద కంటికి కనపడని ఒక పొర ఏర్పడి తుప్పు పట్టనివ్వదు. గాలిలో ఉన్న కార్బన్ డయాక్సైడ్ ఏళ్ళ తరబడి మెల్లగా కాంక్రీట్ లోకి ఇంకి ఆ క్షారాన్ని తగ్గించుకుంటూ పోతుంది, పీహెచ్ 9 దాకా దిగిపోతుంది, అది రాడ్ల దాకా చేరిందంటే ఆ పొర పోతుంది, చెమ్మ తోడైతే తుప్పు మొదలు. సముద్రం దగ్గర అయితే గాలిలో ఉప్పు ఈ పని ఇంకా తొందరగా చేస్తుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది, అసలు ఇనుము కంటే రెండు నుంచి ఆరు రెట్లు చోటు కావాలి దానికి, చోటు లేక పైనున్న కవరింగ్ ని పగలగొట్టుకుని బయటికొస్తుంది. ఆ పడేవే పెచ్చులు. కాబట్టి పెచ్చు ఊడిన చోట సిమెంటు పూసి రంగేయడం జ్వరం వచ్చినవాడికి మొహాన పౌడర్ రాసినట్టు. తుప్పు కనపడినంత మేర కాంక్రీట్ చెక్కేసి, రాడ్ శుభ్రం చేసి, బాగా అరిగిపోతే పక్కన కొత్తది జోడించి, తర్వాత రిపేర్ మోర్టార్, అంటే రిపేర్ల కోసమే కలిపే సిమెంటు మిశ్రమం కొట్టాలి, దానికి ముందు నీళ్ళు ఎక్కడ నుంచి వస్తున్నాయో అది ఆపాలి. ఒకట్రెండు చోట్ల అయితే చేయించుకోవచ్చు. ఇల్లంతా, బీములూ పిల్లర్లూ కూడా అలాగే ఉన్నాయంటే ఇక అక్కడ వంటగది డిజైన్ గురించి మాట్లాడటం దండగ.

దీన్ని తేల్చడానికి టెస్టులు ఉన్నాయి. రీబౌండ్ హామర్ అని ఒకటి కాంక్రీట్ పైభాగం గట్టిదనం చెప్తుంది, అల్ట్రాసోనిక్ పల్స్ టెస్ట్ లోపల డొల్ల ఉందా చెప్తుంది, అనుమానం ఉన్న చోట చిన్న కోర్, అంటే గుండ్రటి కాంక్రీట్ ముక్క తీసి ల్యాబ్ లో పగలగొట్టి చూస్తారు, అదే కోర్ మీద ఫినాల్ఫ్తలీన్ అనే రసాయనం చల్లితే క్షారం ఉన్నంత మేర గులాబీ రంగు వస్తుంది, పోయిన చోట రంగు రాదు. మొత్తం రిపేర్ లో ఈ టెస్టుల ఖర్చు చిన్నదే. కానీ ఒక్క మాట, ఇది చేసే ఇంజనీరు రిపేర్ కాంట్రాక్టు తీసుకునేవాడు కాకూడదు. పని వచ్చేవాడికి ప్రతి ఇల్లూ బాగుచేయదగ్గదే అనిపిస్తుంది, ఇళ్ళు అమ్మిపెట్టే బ్రోకర్ కి ప్రతి ఇల్లూ అమ్మేయదగ్గదే అనిపిస్తుంది, ఇద్దరినీ తప్పు పట్టక్కర్లేదు, వాళ్ళ దగ్గర సలహా అడగడం మన తప్పు.

ఇంకోటి, గోడ తీసేసి హాలు పెద్దది చేద్దాం అన్న ఆలోచన. పిల్లర్లూ బీములూ ఉన్న ఇంట్లో మధ్య గోడ చాలావరకు అడ్డు గోడే, తీయొచ్చు. పిల్లర్లు లేకుండా గోడల మీదే స్లాబ్ కూర్చున్న పాత ఇళ్ళలో ఆ గోడే పిల్లర్, దాన్ని తీయాలంటే పైన బీమ్ వేసి లోడ్ మళ్ళించాలి, అది ఇంజనీరు లెక్క కట్టాల్సిన పని. కొట్టి చూస్తే డొల్ల చప్పుడు వస్తోంది తీసేయొచ్చు అని చెప్పేవాళ్ళని నమ్మొద్దు. అపార్ట్‌మెంట్ అయితే మీ ఫ్లాట్ లో గోడే అయినా పై వాళ్ళ కింద వాళ్ళ ప్రాణాలూ దాని మీదే ఉండొచ్చు, పైగా నిలువు పైపులు అందరివీ కాబట్టి బాత్రూం ఇటు నుంచి అటు మార్చడం అనుకున్నంత ఈజీ కాదు. అంటే ఫ్లాట్ లో ఉన్నవాళ్ళకి రెనొవేషన్ అనేది సగం దారి మాత్రమే, స్థలం చాలకపోతే వాళ్ళు ఎలాగూ మారాల్సిందే.

వైరింగ్, పైపుల గురించి ఎక్కువ రాయను. పాత వైర్లకి ఎర్త్ లేకపోతే, 30 మిల్లీయాంపియర్ల లీకేజీకి ట్రిప్ అయ్యే బ్రేకర్ లేకపోతే ఇల్లు మారినా మారకపోయినా అది రేపే చేయించండి.

ఇక ఎస్టిమేట్లు. రెనొవేషన్ ఖర్చు అనుకున్నదాని కంటే పెరగడం కాంట్రాక్టర్ మోసం వల్లే అనుకుంటారు, కొన్నిసార్లు అదీ నిజమే, కానీ అసలు కారణం గోడ తెరిచేదాకా లోపల ఏముందో ఎవరికీ తెలియకపోవడం. టైల్ తీస్తే కింద చెమ్మ, చెమ్మ తవ్వితే పైపు, పైపు మారిస్తే పక్క గోడ. అది కాకుండా మనుషులందరికీ ఉన్న గుణం ఇంకోటి ఉంది, డేనియల్ కానెమన్, ఆమోస్ ట్వెర్‌స్కీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1979లోనే దానికి ప్లానింగ్ ఫాలసీ అని పేరు పెట్టారు, మన పని మాత్రం అన్నీ అనుకూలంగా జరిగినట్టు ఊహించుకుని టైమూ డబ్బూ లెక్కేసుకోవడం. సిడ్నీ ఒపేరా హౌస్ 70 లక్షల ఆస్ట్రేలియన్ డాలర్లతో 1963కి అయిపోతుందన్నారు, 1973లో 10 కోట్ల 20 లక్షలతో అయింది. మన బాత్రూం దాని ముందు ఎంత అని ఊరుకోకండి, రోగం ఒకటే. ఎస్టిమేట్ మీద 15 నుంచి 20 శాతం పక్కన పెట్టుకోండి అంటారు, పాత ఇంటికి అది కూడా నా లెక్కలో తక్కువే.

అయితే ఈ భయంతో మారడమే చవక అనుకుంటే అదీ తప్పుడు లెక్కే. చాలామంది రిపేర్ మొత్తం ఖర్చుని కొత్త ఇంటి రేటుతో పోలుస్తారు, మారడానికయ్యే మొత్తం ఖర్చుతో పోల్చరు. పాత ఇల్లు అమ్మినందుకు పన్ను, బ్రోకర్ కమిషన్, కొత్తదానికి రిజిస్ట్రేషన్, లోన్ ఫీజులు, సామాన్ల షిఫ్టింగ్, కొత్త ఇంట్లో పట్టని ఫర్నిచర్, కొత్త స్కూల్ ఫీజు. వడ్డీ వేరే. ఏడాదికి 9 శాతం వడ్డీతో 20 ఏళ్ళకి లోన్ తీసుకుంటే వందకి మనం కట్టేది మొత్తం 216, మొదటి నెల వాయిదాలో ఆరింట అయిదు వంతులు వడ్డీకే పోతుంది. రిపేర్ కి తీసుకునే చిన్న లోన్ కి కూడా వడ్డీ ఉంటుంది, కాదనను, కానీ అసలు చిన్నది కదా. ఇంకో సంగతి, కొత్తగా కొనే ఇల్లు కూడా ఎవరో ఒకరు వదిలేసి వెళ్తున్న ఇల్లే కావొచ్చు, వాళ్ళెందుకు వెళ్తున్నారో అడగండి. రంగు కొత్తగా వేసిన గోడని మరీ జాగ్రత్తగా చూడండి, వాన పడ్డ రోజు ఒకసారి, రాత్రి పదింటికి ఒకసారి వెళ్ళి చూడండి. మన ఇంటి లోపాలు మనకి తెలుసు, ఆ ఇంటివి తెలియవు, తెలియకపోవడాన్ని మంచిదనుకుంటాం.

మనసు సంగతి కూడా చెప్పాలి. మన చేతిలో ఉన్న వస్తువుకి మనమే ఎక్కువ విలువ కట్టుకుంటాం అని ఎకనామిస్టు రిచర్డ్ థేలర్ చెప్పాడు, సొంతింటి రేటు చెప్పేటప్పుడు ఇది బాగా కనపడుతుంది. అలాగే ఇప్పటికే ఇంత పెట్టాం కదా అని ఇంకా ఇంకా పెట్టుకుంటూ పోవడం, పోయిన డబ్బు ఉన్నా వెళ్ళినా తిరిగి రాదు, దాన్ని లెక్కలోంచి తీసేయాలి. ఇలా చెప్పి మీ వ్యాసంలో సెంటిమెంట్ పక్కన పెట్టండి అన్నారు, అక్కడ నేను ఒప్పుకోను. అమ్మా నాన్నా కట్టిన ఇల్లు, దీన్ని వదలలేను అనేది కూడా కారణమే, దానికి విలువ లేదని ఎవరన్నారు? దాన్ని దాచిపెట్టి డబ్బు లెక్కలా చూపించడం దగ్గరే తేడా వస్తుంది. ఈ ఇల్లు ఉండటం కోసం ఇంత ఎక్కువ ఖర్చు పెట్టడానికి నేను రెడీ అని తెలిసి పెడితే తర్వాత తిట్టుకోవడం ఉండదు.

పెద్దవాళ్ళు ఉన్న ఇళ్ళ విషయంలో నేను కచ్చితంగా ఒక పక్క ఉంటాను, బిల్డింగ్ గట్టిగా ఉంటే ఉన్న చోటే బాగుచేయించండి. మందుల షాపు ఎక్కడో, ఏ ఇంటి తలుపు కొడితే ఎవరు పలుకుతారో వాళ్ళకి తెలుసు, డెబ్బై దాటాక అవన్నీ కొత్తగా సంపాదించుకోవడం కష్టం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం జారి కిందపడి ఏటా 6 లక్షల 84 వేల మంది చనిపోతున్నారు, అందులో అరవై దాటినవాళ్ళే ఎక్కువ. ఇంట్లో జారే బాత్రూం ఫ్లోర్ మార్చడం, పట్టుకోవడానికి గోడకి రాడ్లు, రాత్రి లైటు, ఇవి రెండు మూడు రోజుల పని. మెట్టు బదులు ర్యాంప్ కావాలంటే 1కి 12 వాలు ఉండాలి, అంటే 15 సెంటీమీటర్ల గడపకి 180 సెంటీమీటర్ల ర్యాంప్, చాలామంది చోటు లేదని నిటారుగా కట్టేస్తారు, దాని మీద వీల్ చైర్ ఎక్కించడం కంటే మెట్లే నయం. వీల్ చైర్ కి తలుపు కనీసం 80 సెంటీమీటర్లు తెరుచుకోవాలి, ఇది కొత్త ఇంట్లో కూడా కొలిచి చూడండి, కొత్త ఫ్లాట్లలో బాత్రూం తలుపులు చాలావరకు అంత ఉండవు. పైఅంతస్తులో ఉండి లిఫ్ట్ లేదు అంటే మాత్రం, అది గోడల బయట సమస్య కిందే లెక్క, మారాల్సిందే.

పని జరిగేటప్పుడు ఆ ఇంట్లోనే ఉండొచ్చులే అనుకునేవాళ్ళకి ఒక హెచ్చరిక. పాత రంగుల్లో సీసం ఉంటుంది, దాన్ని గీకినప్పుడు లేచే దుమ్ము చిన్నపిల్లల మెదడుకి చేటు. పాత సిమెంటు రేకుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది, వాటిని కోసి విరగ్గొడితే వచ్చే దుమ్ము క్యాన్సర్ తెస్తుంది. చిన్నపిల్లలు, గర్భంతో ఉన్నవాళ్ళు ఉంటే ఆ నెలలకి అద్దె ఇల్లు తీసుకోండి, ఆ అద్దె కూడా రెనొవేషన్ ఖర్చులోనే వేసుకోండి.

రెండింట్లో ఒకటి ఇప్పుడే తేల్చేయాలని కూడా ఎక్కడా లేదు. ఎలాగూ చేయాల్సిన పని, అంటే పైకప్పు లీకు ఆపడం, పైపులు, కరెంటు, ఇవి ముందు చేయించేసి ఒక వానాకాలం ఆగండి. ఉన్నా పనికొస్తాయి, అమ్మినా ఇంటికి రేటు తెస్తాయి. స్లాబ్ మీద వాటర్ ప్రూఫింగ్ చేయిస్తే 48 గంటలు నీళ్ళు నిలబెట్టి చూడకుండా పైన ఫ్లోరింగ్ వేయనివ్వకండి. గోడలో పైపులు వేశాక ప్లాస్టరింగ్ కి ముందు ప్రెషర్ టెస్ట్, అంటే పైపుల్లో ఒత్తిడితో నీళ్ళు నింపి లీకు చూడటం చేయించి, ఆ గోడకి కొలత టేపు పెట్టి ఫోటోలు తీసుకోండి, రేపు ఇంకెవరైనా మేకు కొట్టేటప్పుడు పనికొస్తాయి. కొత్త ప్లాస్టరింగ్ మీద నాలుగు వారాలు ఆగకుండా రంగేయిస్తే పొరలు పొరలుగా లేస్తుంది, తొందర పెట్టేవాళ్ళుంటారు, వినకండి. మోడ్యులర్ కిచెన్, సీలింగ్, వాల్ పేపర్ లాంటివి ఉంటామని తేలాకే.

ఎడిటర్ గారూ, మీ పేజీల్లో ఇంటి అందాల ఫోటోలు వారం వారం వస్తూనే ఉన్నాయి. నెలకి ఒక్క వారమైనా ఒక స్ట్రక్చరల్ ఇంజనీర్ ని కూర్చోబెట్టి పాఠకులు పంపిన పగుళ్ళ ఫోటోలు, స్లాబ్ ఫోటోలు చూసి ఇది పర్లేదు, దీనికి టెస్ట్ కావాలి, ఈ ఇంట్లో పడుకోవద్దు అని చెప్పించండి. ఫోటో పక్కన స్కేలు పెట్టి తీయమని, ఆ పగులు మొదటిసారి ఎప్పుడు చూశారో రాయమని అడగండి, ఆ రెండూ లేకపోతే ఎంత పెద్ద ఇంజనీరైనా ఫోటో చూసి చెప్పలేడు.

ఇట్లు,
మీ పాత పాఠకుడు